జాగ్రత్తగారి ఫిర్యాదు

ఆ ఉదయం చిన్నల్లుడి కార్యక్రమం చాలా చిన్నది. కాఫీ చల్లారేలోపు ఒక దొంగ మెయిల్ మీద ఫిర్యాదు చెయ్యాలి, స్నానం చెయ్యాలి, మామగారి ఫర్నిచర్ షాపుకు వెళ్ళి లెక్కలు చూసుకోవాలి. షాపులో అతన్ని వెనక "జాగ్రత్తగారు" అంటారు. ఎదురుగా కూడా అనేవారే గానీ, విని మరీ పొంగిపోతున్నాడని మానేశారు.

మెయిల్ ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ పేరుతో వచ్చింది. మీ ఖాతా మూతపడబోతోంది, కింద నొక్కి పాస్‌వర్డ్ ఇవ్వండి అని సారాంశం. మనవాడు చూడగానే పసిగట్టాడు. నా దగ్గరా వీడి వేషాలు అంటూ భార్యకు మొత్తం చదివి వినిపించాడు. ఆవిడ వంటింట్లోంచే ఊఁ కొట్టింది. ఇలాంటివి వస్తే తమ ఫిర్యాదుల విభాగానికి పంపమని ఆ కంపెనీవాళ్ళే ఎప్పుడో చెప్పి ఉన్నారు. సరే అని ఫార్వర్డ్ నొక్కాడు. అలవాటు కొద్దీ పైన "చూసి తగు చర్య తీసుకోగలరు" అని రాశాడు, కింద పేరూ హోదా పెట్టాడు. చిరునామా మొదటి అక్షరాలు కొట్టేసరికి మిగతాది ఫోనే పూర్తి చేసింది. అది ఫిర్యాదుల విభాగానిది కాదు. షాపులో అందరికీ ఒకేసారి వెళ్ళే చిరునామా. ఊరందరికీ జాగ్రత్తలు చెప్పే మనిషి ఆ ఒక్క ముక్క చూసుకోలేదు, ఏం చేస్తాం.

ఆ షాపులో ఒక పద్ధతుంది. చిన్నల్లుడి దగ్గర్నుంచి "తగు చర్య" అని వచ్చిందంటే ఎందుకూ ఏమిటీ అని అడగకూడదు. చేసేసి, చేశానని చెప్పాలి. ఆ పద్ధతి పెట్టిందీ అతగాడే.

అతను షాపు మెట్లెక్కుతుంటే కౌంటరు అమ్మాయి లేచి నిలబడి, చేసేశాను సార్ అంది. ఏం చేసిందో అడిగితే చిన్నతనంగా ఉంటుందని గంభీరంగా తలాడించాడు. చిత్రిక పడుతున్న వడ్రంగి మేస్త్రీ కూడా, నా కొడుకు చేత చేయించేశానండి అన్నాడు. దానికీ తలాడించాడు. మేడ మీద తన గదిలో కూర్చుని కంప్యూటరు తెరిచాక గానీ తెలియలేదు, అందరూ చేసేసింది ఏమిటో.

ఫిర్యాదు కాస్తా షాపందరికీ వెళ్ళింది, అందరూ కింద నొక్కి పాస్‌వర్డులు ఇచ్చేశారు. ఆ సాయంత్రం పనివాళ్ళ జీతాలు మామగారి ఖాతాలోంచి వెళ్ళాలి. ఆ ఖాతా పాస్‌వర్డ్ మామగారి దగ్గరే ఉంటుంది. అప్పటికప్పుడు కిందికి దిగి, బాబూ పొరపాటైపోయింది అని ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ నిన్నటిదాకా అందరినీ నిలబెట్టి పాఠాలు చెప్పిన ముఖం, ఇవాళ ఆ ముఖంతో ఎలా చెబుతాడు? సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తలుపు గడియ పెట్టుకుని, ఆ మెయిల్‌కే జవాబుగా, హడావిడిగా మరొకటి పంపాడు. ఎవరూ నొక్కవద్దు, నొక్కినవాళ్ళు వెంటనే పాస్‌వర్డ్ మార్చండి, ఆలస్యం వద్దు అని. సగం అక్షరాలు తప్పులు. పేరు పెట్టడం మర్చేపోయాడు.

కాసేపటికి తలుపు చప్పుడైంది. గడియ తీస్తే ఎదురుగా పెద్దల్లుడు. షాపులో అమ్మకాలు అతనివి. ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదని చిన్నల్లుడు పదిమందిలో కసిరేది ఈ తోడల్లుడినే. ఇప్పుడు అతని ముఖం వెలిగిపోతోంది.

"తమ్ముడూ, నీ చిరునామా నుంచి ఎవడో దొంగ మెయిల్ పంపాడు. పట్టేశాను. తొందర పెట్టేది, తప్పులున్నది, కింద పేరు లేనిది నమ్మొద్దని నువ్వే కదా చెప్పావు? దాని జోలికి ఎవరూ వెళ్ళొద్దన్నాను. కంపెనీకి ఫిర్యాదు కూడా చేసేశాను."

చిన్నల్లుడికి మింగలేక కక్కలేక అయింది. చివరికి అతని నోట్లోంచి వచ్చిన మాట, "మంచి పని చేశావన్నయ్యా." అన్నాక తన మీద తనకే అసహ్యం వేసింది. మరి మొదటి మెయిల్ మామయ్యగారు చూశారా అని నీళ్ళు నమిలాడు. అందరికంటే ముందు ఆయనే చేశారు అన్నాడు పెద్దల్లుడు గర్వంగా.

ఇక దాచేందుకు ఏమీ మిగల్లేదు. మామగారి గదిలోకి వెళ్ళి, బల్ల ముందు నిలబడి, మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. అన్నయ్య ముందు అబద్ధమాడిన సంగతి కూడా చెప్పాడు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"నాకూ అనుమానం వచ్చింది బాబూ," అన్నాడు నెమ్మదిగా. "నువ్వు పంపావు కదా అని నా అనుమానాన్ని నేనే కొట్టిపారేశాను."

చిన్నల్లుడు తలెత్తలేకపోయాడు. ఇంతలో చెల్లింపుల కంపెనీ నుంచి ఫోను వచ్చింది. ఈసారి పెద్దాయన ఊరికే నమ్మలేదు. పెట్టేసి, తన దగ్గరున్న కంపెనీ నంబరుకు తనే చేశాడు. నిజమే. పెద్దల్లుడు పంపిన ఫిర్యాదులో, రెండో మెయిల్ కింద మొదటిది కూడా అతుక్కుని వెళ్ళింది. అది చూసి వాళ్ళు షాపువాళ్ళ ఖాతాలన్నీ వెంటనే ఆపేశారు. డబ్బు ఎక్కడికీ పోలేదు, పాస్‌వర్డులు మార్చుకుంటే సాయంత్రానికి జీతాలు వెళతాయి. ఫిర్యాదు చేసినవారికి అభినందనలు చెప్పమన్నారు. ఆ మెయిల్ పంపిన మోసగాడి చిరునామాను తమ దొంగల జాబితాలో చేర్చేశామని, ఇక బెంగ అక్కర్లేదని ధైర్యం కూడా చెప్పారు.

"ఆ మోసగాడు మా చిన్నల్లుడేనండీ," అన్నాడు మామగారు. "ఆ జాబితాలోంచి తీసేయడం కుదురుతుందా?"

అదే చిరునామా నుంచి చిన్నల్లుడు ఒక మెయిల్ పెడితే పరిశీలిస్తామన్నారు అవతలివాళ్ళు. అయితే ఆ చిరునామా నుంచి వచ్చే మెయిళ్ళు ప్రస్తుతం తెరవడం లేదట.

ఫోను పెట్టేసి మామగారు మెట్ల వైపు చూశాడు. చిన్నల్లుడు కిందికి దిగాడు. కౌంటరు దగ్గర నిలబడి, రెండు మెయిళ్ళూ తానే పంపానని, తప్పంతా తనదేనని, షాపును కాపాడింది పెద్దల్లుడని, అందరూ ఇప్పుడే పాస్‌వర్డులు మార్చుకోవాలని చెప్పాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు గానీ ఒక్క ముక్క మింగలేదు.

అంతా విన్నాక మేస్త్రీ చిత్రిక పక్కన పెట్టి, నమ్మొచ్చాండీ అన్నట్టు పెద్దల్లుడి వైపు చూశాడు.