ఖాళీగా ఉన్న రెండో టికెట్టు

నంద్యాల శ్రీనివాస సెంటర్లో కట్టిన ఫ్లెక్సీ ద్వారా ప్రజలకు తెలియజేయడమైనది ఏమనగా, అమెరికాలో జరగబోయే ప్రపంచ కప్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కు మన ఎజ్రా గారు బయలుదేరుతున్నారు. ఫ్లెక్సీలో ఎజ్రా చేతిలో బంతి ఉంది. అది వాలీబాల్. అతనికి రెట్టింపు సైజులో క్రీడాభిమానుల సంఘం శాశ్వత అధ్యక్షులు జయప్రకాష్ గారు నమస్కరిస్తున్నారు. ఆయన జన్మలో ఆడిన ఆట క్యారమ్స్ ఒక్కటే అయినా, బంతి ఉన్న ప్రతి ఫ్లెక్సీలోనూ ఆయన ఉండటం మా ఊరి ఆనవాయితీ.

ఎజ్రా ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. మెత్తని మనిషి. ఫుట్‌బాల్ గురించి అతనికి తెలిసిందల్లా దాన్ని కాలితో తంతారని. భార్య దీవెన ఆస్పత్రిలో నర్సు. ఆమె కేరళలోని కొట్టాయంలో నర్సింగ్ చదివే రోజుల్లో హాస్టల్ అమ్మాయిలంతా టీవీ ముందు చేరి, ఒకరి జడలు ఒకరు పట్టుకుని గుంజుతూ మ్యాచ్‌లు చూసేవాళ్లు. ఆ పిచ్చి ఆమెతోపాటే నంద్యాల వచ్చింది. పెళ్లయ్యాక సౌండు తగ్గించి, గోల్ పడ్డప్పుడు దిండు కరిచిపట్టుకుని అరవకుండా ఉండటం నేర్చుకుంది.

టికెట్లకు లాటరీ తీస్తారని తెలిసి ఆమె తన పేరున దరఖాస్తు పెట్టింది. రెండు తగిలాయి. ఆ సంతోషం పట్టలేక మొగుడికి చెప్పింది. అతను ఆఫీసులో చెప్పాడు. సాయంత్రానికల్లా టికెట్లు ఎజ్రావి అయ్యాయి.

వెంటనే యాత్రా సన్నాహక సంఘం ఏర్పడి ఎజ్రా ఇంట్లోనే సమావేశమైంది. దీవెన అందరికీ టీ ఇచ్చింది. ఎజ్రా ఒక టికెట్టు మీద పోతాడనీ, రెండోది ఖాళీగా ఉందనీ సభ ఏకగ్రీవంగా గుర్తించింది. ఆ ఖాళీని భర్తీ చేయడానికి తాను సిద్ధమేనని జయప్రకాష్ గారు వినయంగా తెలియజేశారు.

ఎజ్రా పుట్టింది ఆళ్లగడ్డలో కాబట్టి ఆ ఊరు తన వాటా అడిగింది. అతని తండ్రి దేవసహాయం, రిటైర్డ్ హెడ్మాస్టరు, మర్నాటి సమావేశానికి పొద్దున బస్సుకే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కన్న తండ్రిని ఈడ పెట్టి బయటి మనిషిని తీసుకపోతే రేపు చర్చిలో తల యాడ పెట్టుకోవాలని కొడుకును నిలదీశాడు.

దీవెన ఖాళీ గ్లాసులు ఏరుతూ అంది: "ఆ రెండోది నాది మామా. మొదటిది గూడా నాదే."

దేవసహాయం కోడలి వైపు ఎంతో వాత్సల్యంగా చూశాడు. "అవునమ్మా. ఇంట్లో ఉండేవన్నీ నీవే గదా."

సభ్యులందరూ ఈ మాటను మెచ్చుకున్నారు. చర్చ మళ్లీ రెండో టికెట్టు మీదికి పోయింది.

ఆ తర్వాత పనులు జోరందుకున్నాయి. బనగానపల్లె వ్యాపారులు గెలిచే జట్టుకు ఇమ్మని మామిడిపండ్ల పెట్టెలు పంపారు. పండ్లు ఆగవు గనుక సంఘమే జట్టు తరఫున స్వీకరించింది. ఆళ్లగడ్డ శిల్పులు అమెరికాకు కానుకగా నల్లరాతితో ఫుట్‌బాల్ చెక్కారు. నిజమైన తోలు బంతిలాగే కుట్లు కూడా తేల్చారు. ఆవిష్కరణ సభలో జయప్రకాష్ గారు భావోద్వేగానికి లోనై దాన్ని ఒక్క తన్ను తన్నారు. బంతి కదల్లేదు. ఆస్పత్రిలో ఆయన బొటనవేలికి దీవెనే కట్టు కట్టింది. ఆనాటి నుంచి ఆయన తనను గాయపడిన క్రీడాకారుడిగా పరిచయం చేసుకుంటున్నారు.

ఎజ్రాకు ఊరూరా సన్మానాలు. గోస్పాడులో శాలువా, వెలుగోడులో జ్ఞాపిక. దండలు మెడలో పడేకొద్దీ అతనికి తాను ఫుట్‌బాల్‌ను చిన్నప్పటి నుంచీ ప్రేమిస్తున్నట్టే అనిపించసాగింది. ఒకరోజు మాత్రం వంటింటి గడప దగ్గర నిలబడి, ఒక్కో జట్టులో ఎంతమంది ఉంటారని మెల్లగా అడిగాడు. దీవెన నవ్వకుండా చెప్పింది.

రెండో టికెట్టు అడిగినవాళ్లలో దీవెనకు తప్ప ఎవరికీ పాస్‌పోర్టు లేకపోవడంతో ఆ చర్చ వాయిదా పడింది. వీసా దగ్గర చిన్న చిక్కు వచ్చింది. ఇద్దరం కలిసి దరఖాస్తు పెడదామని దీవెన అంటే జయప్రకాష్ గారు ఒప్పుకోలేదు. బృంద నాయకుడి దరఖాస్తు ఆడవాళ్ల దరఖాస్తుతో కలిస్తే హోదా దెబ్బతింటుందట. అందుకని ఎజ్రా దరఖాస్తును సంఘం విడిగా పెట్టింది. వీసా ఇంటర్వ్యూకు పోయే హైదరాబాదు బస్సులో అతను దారంతా సంఘం రాసిచ్చిన ఉపన్యాసం నెమరేస్తూనే ఉన్నాడు.

"నాకు బయమైతాంది దీవెనా" అన్నాడు, కర్నూలు దాటాక.

"ఉండేది చెప్పు. మా యామెకు ఆటంటే పానం, ఆమెకు తోడు పోతాండా అను. అంతే."

అతను తలూపాడు. కానీ అద్దం అవతల అధికారి ఎందుకు వెళ్తున్నారని అడగ్గానే అలవాటైన గొంతు పైకి లేచింది. రాయలసీమ ప్రజల పక్షాన, ప్రపంచ సౌభ్రాతృత్వం కోసం అని మొదలుపెట్టాడు. అధికారి ఓపిగ్గా విని, మీకు నచ్చిన ఆటగాడు ఎవరని అడిగాడు. ఎజ్రా చాలాసేపు ఆలోచించి, జయప్రకాష్ అన్నాడు. అతనికి వీసా రాలేదు. మరో కిటికీ దగ్గర దీవెన రెండు ముక్కలు చెప్పింది. ఆమెకు వచ్చింది.

బయట చెట్టు కింద ఎజ్రా తల దించుకుని నిలబడ్డాడు. నేనూ మానుకుంటానని దీవెన అనబోతే, అతనే అడ్డుపడ్డాడు. "నువ్వు పో. నాకు దండలైనా పడినాయి. నీకేం పడింది?" అన్నాడు. పెళ్లయినప్పటి నుంచీ అతను ఆమెతో అన్న మాటల్లో అంత మంచిది మరొకటి లేదు.

ఆమె వెళ్లింది. కొట్టాయం హాస్టల్లో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు అమెరికాలోనే నర్సుగా ఉంటే, రెండో టికెట్టు ఆమెకిచ్చింది. ఇద్దరూ స్టేడియంలో ఒకరి జడలు ఒకరు గుంజుకుంటూ, ఇన్నేళ్లుగా దిండ్లలో దాచుకున్న అరుపులన్నీ అరిచేశారు. మర్నాటికి దీవెనకు గొంతు లేదు.

ఆమె తిరిగి వచ్చిన వారంలోనే టౌన్‌హాల్లో ఘనంగా సభ జరిగింది. భార్యను ఒంటరిగా ప్రపంచ కప్‌కు పంపిన త్యాగమూర్తిగా ఎజ్రాను వేదిక మీద కూర్చోబెట్టారు. జయప్రకాష్ గారు కుంటుతూ మైకు దగ్గరికి వచ్చి, పురుషుడు దారి వదిలినప్పుడే స్త్రీ విమానం ఎక్కుతుందని ప్రకటించారు. హాలు మోగిపోయింది.

ఎజ్రా లేచాడు. "నేను ఆమెను పంపలే. టికెట్లు ఆమెవే. ఆట తెలిసింది ఆమెకే. నాకేమీ తెల్దు" అన్నాడు.

ఇంతటి నిగర్వి నంద్యాల జిల్లాలోనే లేడని సభ కరతాళధ్వనులతో నిర్ణయించింది. దేవసహాయం కళ్లు తుడుచుకున్నాడు. మూడో వరసలో కూర్చున్న దీవెనను పక్కావిడ మోచేత్తో పొడిచి, ఇట్టాంటి మొగుడు దొరకాలంటే రాసిపెట్టి ఉండాల అంది. తర్వాత దీవెనను కూడా రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆమె లేచి, మ్యాచ్ మొదలైనప్పుడు అని ఆరంభించేసరికి భోజనాలు సిద్ధమని కబురొచ్చింది. బిర్యానీ చల్లారిపోతుందన్న సదుద్దేశంతో వందన సమర్పణ చేసేశారు.

ఆ రోజు ఏ దేశాలు ఆడాయో, ఎవరు గెలిచారో దీవెనను ఇంతవరకూ మా ఊళ్లో ఒక్కరూ అడగలేదు. మా ఊరివాళ్ల సంగతి వదిలేయండి. ఇంతదాకా శ్రద్ధగా చదువుకొచ్చారు, మీకైనా అడగాలనిపించిందా?