గొంగడి కప్పుకున్న హంతకుడు

గిద్దలూరు టెంటులో ఆడుతున్న టాకీలో జమీందారును చంపింది గొంగడి కప్పుకున్న గొర్రెల కాపరేనని పుల్లమ్మ మరిది చూసి వచ్చి చెప్పాడట. ఆ కబురు పుల్లమ్మ నోట రాచర్ల అంతా తిరిగి వీరమ్మ గడప చేరేసరికి, ఆ టాకీ చూసిన పోలీసు జవాను సంతకొచ్చే గొంగడివాళ్లందరినీ నిలేస్తున్నాడన్న మాట కూడా దానికి తోడైంది.

వీరమ్మ మొగుడు మాలకొండయ్య ఆ పొద్దే గొర్రెలను గిద్దలూరు సంతకు తోలాలి. అవి అమ్ముడైతేనే ఎండాకాలానికి ఇంట్లో గింజలు.

"ఈ పొద్దుకు గొంగడి వద్దులేవే. చొక్కా తొడుక్కోని పోతా."

"మీ తాత కప్పుకున్నాడు, మీ నాయన కప్పుకున్నాడు. తెరమీద ఎవుడో చంపినాడని నువ్వు ఇప్పుతావా?"

"జవాను తెరమీద లేడే, సంతలో ఉండాడు!"

మాలకొండయ్య పెళ్లినాటి చొక్కాతో మంద వెంట నడిచాడు. వీరమ్మ గొంగడిని మడిచి గంపలో పెట్టుకుని, కుంటి గొర్రె ఒకదాన్ని నడిపించుకుంటూ వెనకబడింది.

గిద్దలూరు మొదట్లోనే టెంటువాళ్ల ప్రచారం ఎదురైంది. హంతకుడి వేషంలో గొంగడి కప్పుకున్న మనిషి ముందు, డప్పు వెనక. పొద్దుటినుంచి చొక్కాను నమ్మలేక నడుస్తున్న గొర్రెలకు ప్రాణం లేచొచ్చింది. మంద మొత్తం వేషగాడి వెంటపడింది. మాలకొండయ్య కేకలు డప్పుమోతలో కలిసిపోయాయి. వేషగాడు బెదిరి టెంటులోకి పరుగెత్తాడు. గొర్రెలూ దూరాయి. నేల టిక్కెట్టు, కుర్చీ టిక్కెట్టు అన్న తేడా అవి పాటించలేదు.

టెంటు మేనేజరు కరుణాకరం లబలబలాడాడు. జవాను వచ్చి మాలకొండయ్య చొక్కా పట్టుకున్నాడు.

"ఎవుర్రా నువ్వు?"

"ఆ గొర్రెలు నాయి సామీ."

"గొర్రెలోడివైతే గొంగడేదిరా? పిలిస్తే ఒక్కటన్నా రాదేంది? దొంగతనంగా తోలకొచ్చినావు. నడువు ఠాణాకు!"

అప్పటికి వీరమ్మ వచ్చింది. సంగతి విని, గంపలోని గొంగడి తీసి మొగుడి మీద విసిరింది. గొర్రెలన్నీ వేషగాడిని వదిలేసి, మే మే అంటూ మాలకొండయ్య కాళ్లకు చుట్టుకున్నాయి. జవాను పట్టు దానంతటదే సడలింది.

"కప్పుకుంటే ఖూనీకోరు, ఇప్పితే దొంగ. ఏం కప్పుకోని బతకమంటావో నువ్వే చెప్పు జవానన్నా!" అంది వీరమ్మ. చుట్టూ చేరిన సంత జనం గొల్లుమన్నారు.

గొడవ ముదిరితే సాయంత్రం ఆట ఆగిపోతుందని కరుణాకరం ముందుకు వచ్చాడు.

"అమ్మా, మీవాళ్లెవరో ఆట సగంలోనే లేచి వచ్చేసినట్టున్నారు. చంపింది కాపరి కాదు, కోటేసుకున్న దివాను. నేరం మీమీదికి నెట్టాలని గొంగడి కప్పుకుంటాడు. మా ఆట మీ పక్షమేనమ్మా!"

"అవునవును, నేను ఆఖరిదాకా చూసినా," అన్నాడు జవాను, పరువు నిలిచిందన్నట్టు.

వీరమ్మ గంప నెత్తికెత్తుకుంది.

"ఆఖరిదాకా చూసినోడివి, ఈ సంతలో ఎంతమంది కోటోళ్లను నిలేసినావు?"