భయమేస్తే వచ్చే నవ్వు

ఆ రోజు పొద్దున గుమాస్తా అనుకున్నది ఒక్కటే. కాఫీ చల్లారేలోపు అత్తగారికి క్షమాపణ చెప్పేసి, వేళకు పనిలోకి వెళ్లిపోవాలి.

ముందురోజు సాయంత్రం తడినేల మీద కాలు జారి అత్తగారు దబ్బున కూలబడింది. పెద్ద దెబ్బేమీ తగల్లేదు, మోచెయ్యి కాస్త గీసుకుపోయింది. కానీ ఎదురుగా ఉన్న అల్లుడు చెయ్యందించకుండా, కొయ్యలా నిలబడి పకపకా నవ్వాడు. నేల తగిలినదానికంటే ఆ నవ్వే ఆవిడకు గట్టిగా తగిలింది.

నిజానికి ఆయన నవ్వొచ్చి నవ్వలేదు. భయమేస్తే కొందరికి చెమటలు పడతాయి, కొందరికి మాట పడిపోతుంది. ఈయనకు నవ్వొస్తుంది. చిన్నప్పుడు బెత్తాన్ని చూసి నవ్వి రెట్టింపు దెబ్బలు తిన్నాడు. తండ్రి పోయిన రోజు నవ్వితే మేనమామ మళ్లీ గడప తొక్కలేదు. పెళ్లయిన కొత్తలో ఈ సంగతి భార్యకు చెప్పబోయాడు. ఎలా చెప్పాలో అని భయపడ్డాడు, భయపడి నవ్వాడు, ఆవిడ వేళాకోళం అనుకుంది. సంగతి అక్కడే ఆగిపోయింది.

అత్తగారు కిటికీ పక్కన మోచేతికి కట్టుతో కూర్చుని ఉంది. గుమాస్తా ఎదురుగా వెళ్లి చేతులు కట్టుకున్నాడు.

"అత్తయ్యగారూ, నిన్న జరిగినదానికి..."

ఆవిడ తల తిప్పి రెప్ప వెయ్యకుండా చూసింది. ఆ చూపుకి ఆయన కడుపులో ఎక్కడో బుడగ లేచి గొంతు దాకా వచ్చింది. పెదవి కొరుక్కున్నాడు. బుడగ ముక్కులోకి మళ్లింది.

"నన్ను క్షమిం... హిహ్హి!"

"చూశావటే, కట్టు చూసి కూడా నవ్వుతున్నాడు!" అంది అత్తగారు కూతురితో.

భార్య వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. "నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అన్నారా? మా అమ్మ మీకు అంత లోకువైపోయిందా?"

"అది కాదే, నాకు భయమేసి..."

"భయమా? ఆవిడేమన్నా పులా?"

ఆ ప్రశ్నకు ఆయన మళ్లీ నవ్వాడు. అత్తగారు లేచి బట్టల సంచీ అందుకుంది. "మీ అన్నయ్యకి ఫోన్ చెయ్యవే. వచ్చి నన్ను తీసుకెళ్లిపొమ్మను. వెళ్లేముందు ఈయనగారి సంగతి కాస్త కనుక్కుని వెళ్లమను."

భార్య అన్నయ్య డ్రిల్లు మాస్టారు. రహస్యం చెప్పినా మైదానం అవతలికి వినిపిస్తుంది. ఆ పేరెత్తేసరికి గుమాస్తా గుమ్మం వైపు పరిగెత్తాడు. చెప్పులు సగం తొడుక్కుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నవ్వుకుంటూనే వీధిలో పడ్డాడు.

పనిచేసే చోట పరిస్థితి ఇంకా ఘోరంగా ఉంది. అది ఆఫీసు కుర్చీలు తయారుచేసే కార్ఖానా. ఈయన సామాన్ల గది గుమాస్తా. గేటు దాటేసరికి ముంగిట్లో, కిందటి నెల పంపిన కుర్చీలన్నీ తిరిగొచ్చి వరసగా నిలబడి ఉన్నాయి.

"వెనక్కి వాలితే ఆగకుండా వెల్లకిలా పడిపోతున్నాయట," అన్నాడు పాలిష్ మేస్త్రీ గుసగుసగా. "కొన్న కంపెనీ ఆఫీసరు వచ్చి కూర్చున్నాడు. మేడమ్ అందరినీ నిలబెట్టి అడుగుతుందట. నీ మొహమేంటి అలా ఉంది?"

"మేస్త్రీ, నాకు నవ్వొచ్చేలా ఉంది."

మేస్త్రీ అదిరిపడ్డాడు. మేడమ్ అంటే కార్ఖానా యజమానురాలు. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు అక్కడ ఎవరూ లేరు. ఆవిడ ముందు ఇంకొకరు నవ్వగా చూసినవాళ్లూ లేరు.

"కొంప ముంచకు బాబూ! నోట్లో నీళ్లు పోసుకో. మింగకు, ఉమ్మకు. నోట్లో నీళ్లుంటే నవ్వెలా వస్తుంది? మా ఆవిడతో గొడవ వచ్చినప్పుడల్లా నేను చేసేది అదే."

కుడితిలో పడ్డ ఎలుకకు గరిటె కనిపించినట్టయింది. గుమాస్తా చెంబెడు నీళ్లలో పట్టినన్ని నోట్లో పట్టి, బుగ్గలు పొంగించుకుని వరస చివర నిలబడ్డాడు.

మేడమ్ వచ్చింది. పక్కన ఆ ఆఫీసరు, ఇస్త్రీ మడత నలగని కోటులో.

"ఈ కుర్చీల మరలు ఎవరు బిగించారు? ఎవరు చూసి పంపారు?" అని ఒక్కొక్కరినీ అడుగుతూ, చివరికి గుమాస్తా దగ్గర ఆగింది. "సామాన్ల గదిలోంచి ఏ మరలు ఇచ్చారు మీరు?"

గుమాస్తా కళ్లతోనే దండం పెట్టాడు.

"మిమ్మల్నే. చెప్పరేం? నీళ్లు నములుతారేం?"

ఆయన నిజంగానే నములుతున్నాడు. పక్కన పాలిష్ మేస్త్రీ కళ్లు మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర పిడుగు పడినట్టు కేక వినిపించింది.

"ఎక్కడ? ఎక్కడ మా బావగారు? మా అమ్మ పడిపోయిందని తెలుసా మీకు?"

డ్రిల్లు మాస్టారు ఇంటికి వెళ్లి తల్లిని టాక్సీ ఎక్కించుకుని, అటునుంచి అటే ఇక్కడికి వచ్చేశాడు. ఆ గొంతు వినగానే గుమాస్తా లోపలి బుడగ పగిలింది. నోట్లో నీళ్లన్నీ ఒక్క ఉదుటున వెళ్లి ఆఫీసరు కోటు మీద పడ్డాయి. వెనకాలే నవ్వు, ఇక ఆపేవాళ్లు లేరన్నట్టు.

మేడమ్ ఆ నవ్వు వినిపించుకోలేదు. ఆవిడ చెవిలో ఒక్క మాటే మోగుతోంది. "ఎవరు పడిపోయారన్నారు?"

"మా అమ్మండీ! పెద్దావిడ! మోచెయ్యి కొట్టుకుపోయింది!"

కోటు దులుపుకుంటున్న ఆఫీసరు తలెత్తాడు. "అంటే మీ కుర్చీలు ముసలివాళ్లని కూడా పడేస్తున్నాయన్నమాట! మావాళ్లని మాత్రమే కాదన్నమాట!"

మేడమ్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆవిడ పెదవులు వణికాయి. బుగ్గ లోపలికి పీక్కుపోయింది. తర్వాత, ఆ కార్ఖానా గోడలు ఏనాడూ వినని చప్పుడు ఒకటి ఆవిడ గొంతులోంచి వచ్చింది.

మేడమ్ నవ్వుతోంది.

"మీరు కూడానా!" అని గర్జించాడు డ్రిల్లు మాస్టారు. "ఈ ఊళ్లో పెద్దవాళ్లు పడితే అందరూ నవ్వుతారా?"

ఈ గొడవలో అత్తగారిని ఎవరూ పట్టించుకోలేదు. టాక్సీలో ఉక్కపోసి, సంచీ పట్టుకుని లోపలికి వచ్చింది. ఎదురుగా బోలెడన్ని కుర్చీలు కనిపించాయి. కాళ్లు పీకుతున్న మనిషి ఏం చేస్తుంది? ఒకదాంట్లో కూర్చుని హాయిగా వెనక్కి వాలింది.

టక్కున చప్పుడైంది. కుర్చీ వాలుతూనే పోయింది.

అందరికంటే దగ్గర ఉన్నది గుమాస్తాయే. గొంతులో నవ్వు పుట్టింది, కానీ ఈసారి కాళ్లు మాత్రం ఆగలేదు. ఒక్క గెంతు గెంతి, ఒక చేత్తో కుర్చీ వీపు, ఇంకో చేత్తో అత్తగారి చెయ్యి పట్టుకుని, నేలకు జానెడు ఎత్తున ఆపేశాడు. ఆపి, ఆవిడ మొహంలోకి చూస్తూ పగలబడి నవ్వాడు.

అత్తగారు తిట్టడానికి నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. అల్లుడి మొహాన్ని ఆవిడ ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. నోరు నవ్వుతోంది, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఆవిడ చేతిలో ఉన్న చెయ్యి మంచుగడ్డలా ఉంది, గజగజా వణుకుతోంది.

"ఒరేయ్, కేకలు ఆపరా," అంది కొడుకుతో. "ఇది నవ్వు కాదురా. పిల్లాడు జడుసుకున్నాడు." తర్వాత అల్లుడి చెయ్యి వదలకుండానే అడిగింది. "నిన్న కూడా ఇంతేనా బాబూ?"

గుమాస్తా తలూపాడు. చాలా ఏళ్ల తర్వాత మొదటిసారి, నవ్వకుండా.

"నాకూ ఇంతేనండీ," అంది మేడమ్, పమిటతో కళ్లొత్తుకుంటూ. "నోరు విప్పితే నవ్వొచ్చేస్తుందని ఇన్నేళ్లూ బుగ్గ కొరుక్కుని బతికాను. అందరూ నాకు ముక్కు మీద కోపం అనుకున్నారు."

వరసలో నిలబడ్డవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కుర్చీ తన కళ్ల ముందే పడబోయింది కాబట్టి ఆఫీసరుకి ఇక వాదించడానికేమీ మిగల్లేదు, మేడమ్‌కి బుకాయించడానికేమీ మిగల్లేదు. అన్నిటికీ కొత్త మరలు వేసి పంపుతామని ఆవిడ, కోటు ఆరేదాకా కూర్చుంటానని ఆయన, ఒప్పుకున్నారు. ఎక్కడ కూర్చోవాలో మాత్రం ఆయనకు తోచలేదు. నిలబడే ఉన్నాడు.

వెళ్లబోతున్న గుమాస్తాను మేడమ్ ఆపింది.

"రేపట్నుంచి మీరు సామాన్ల గదిలో వద్దు. ఫిర్యాదులు చెప్పడానికి వచ్చేవాళ్లతో మీరే మాట్లాడండి. ఎంత తిట్టినా నవ్వుమొహంతో వినే మనిషి నాకింకెక్కడ దొరుకుతాడు?"

రోజూ! పొద్దున్నుంచి సాయంత్రం దాకా! కోపంగా ఉన్నవాళ్లే! గుమాస్తాకు కళ్లు బైర్లు కమ్మాయి. నోరారా నవ్వాడు. మేడమ్‌కైనా తెలియాలి ఆ నవ్వు సంగతి, కానీ ఆవిడ దాన్ని ఒప్పుకోలు కిందే జమకట్టింది.

సాయంత్రం ఇంట్లో సంగతంతా విన్న భార్య ఆయనకు కాఫీ గ్లాసు అందించింది. "పెళ్లిపీటల మీద కూడా ఆపకుండా నవ్వారు కదండీ," అంది. "నేనంటే ఎంత ఇష్టమో అని మురిసిపోయాను." ఆయన కాఫీ గ్లాసులోకి చూశాడు. ఆవిడ లేచి, ఇంకాస్త కాఫీ పోసింది.

అత్తగారు కొడుకుని ఒక్కణ్నే టాక్సీ ఎక్కించి పంపేసింది. అల్లుడు నిజంగా నవ్వొచ్చి నవ్వడం ఒక్కసారి కళ్లారా చూసి వెళ్తానంది. ఆవిడ ఇంకా ఇక్కడే ఉంది.