ఫ్రెంచి: ధారాళంగా

ఆసుపత్రి సిబ్బందిలో పదకొండు మందికి ఫ్రెంచి ధారాళంగా వచ్చునని ముఖద్వారం దగ్గర ఇత్తడి పలక మీద చెక్కించారు. అందులో అతిశయోక్తి ఏమీ లేదు. పదకొండు బయోడేటాల్లోనూ అలాగే ఉంది.

ఆ పదకొండో మనిషి రికార్డు గుమాస్తా. దరఖాస్తు నింపిన రోజున ‘విదేశీ భాషలు’ అనే గడి దగ్గర అతని కలం ఆగింది. పక్కనున్న బావమరిది విసుక్కున్నాడు.

“ఖాళీగా వదిలేస్తే బోసిగా ఉంటుంది బావా. ఫ్రెంచి అని రాసెయ్. ఎవడొచ్చి అడుగుతాడు?”

అడగడానికి రెండేళ్లు పట్టింది. దేశాలు చూడ్డానికి బయల్దేరి దారిలో జబ్బుపడిన ఒక ముసలాయన, ఇత్తడి పలకను నమ్మి వచ్చి ఏడో నంబరు గదిలో చేరాడు. ఆయనకు ఫ్రెంచి తప్ప మరో భాష రాదు. ఆ ఉదయమే, ఫ్రెంచి వచ్చిన తొమ్మిది మందికి ఒకేసారి జ్వరం వచ్చింది. పదోవారు సూపరింటెండెంటుగారు, వారు పర్యవేక్షిస్తారు. మిగిలింది గుమాస్తా. అతని ఉద్యోగం పర్మనెంటు చేసే కాగితం ఆ వారమే వారి సంతకం కోసం బల్ల మీదికి చేరింది.

గుమాస్తా మంచం పక్కన కుర్చీ వేసుకున్నాడు. ముసలాయన ఒకే మాటను పదేపదే అన్నాడు. గుమాస్తా శ్రద్ధగా తల ఊపాడు. తల ఊపడం ఏ భాషలోనైనా ధారాళంగా చేయవచ్చు.

“ఇక్కడి సదుపాయాలు బాగున్నాయంటున్నారండీ.”

సూపరింటెండెంటుగారు కళ్లు మూసుకుని విన్నారు. “అనువాదం బాగానే ఉంది. కానీ ‘చాలా’ అన్న మాట వదిలేశావయ్యా.”

గుమాస్తా సరిదిద్దుకున్నాడు. రోగి చాలా సంతృప్తిగా ఉన్నట్టు కేసు షీటులోకి ఎక్కింది.

ఆ గది నర్సు దరఖాస్తులో ‘విదేశీ భాషలు’ గడి ఖాళీ. భాష రాని మనిషి కనుక ఆమె రోగి మొహంలోకి చూసింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. చెంచాతో నీళ్లు పట్టింది. ఆయన మాట ఆపి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. తగిన అర్హత లేకుండా విదేశీ రోగి భావాన్ని గ్రహించినందుకు సంజాయిషీ కోరుతూ సాయంత్రానికి ఆమెకు మెమో అందింది.

మూడో రోజు ఉదయం ఆయన పోయాడు. చివరి మాటలు ‘యాజమాన్యానికి కృతజ్ఞతలు’ అని రికార్డయ్యాయి.

మధ్యాహ్నానికి, ఈ దేశంలోనే పనిచేస్తున్న ఆయన కూతురు వచ్చింది. “మా సంస్థ మీ తండ్రిగారికి ఆయన భాషలోనే సేవ చేసిందని చెప్పడానికి గర్విస్తున్నాం,” అని సూపరింటెండెంటుగారు ప్రసంగించి, గుమాస్తాను చూపించారు. ఆమె మొహంలోకి కాస్త ప్రాణం వచ్చింది. ఫ్రెంచిలో మెల్లగా ఏదో అంది. వారు చిరునవ్వుతో తల ఊపారు. గుమాస్తా వారికంటే ఎక్కువ నవ్వి, ఎక్కువ ఊపాడు.

ఆమె కాసేపు ఇద్దరినీ చూసింది. తర్వాత మన భాషలో, మాటలు వెతుక్కుంటూ అంది.

“నాన్న... చాలా బాధపడ్డారా, అని అడిగాను.”

ఊగుతున్న తలను ఆపుకోవడానికి గుమాస్తాకు కొంత సమయం పట్టింది.

“నీళ్లడిగారమ్మా,” అంది గుమ్మం దగ్గర నుంచి నర్సు. “ఇచ్చాను. పోయేదాకా నా చెయ్యి వదల్లేదు.”

కూతురు వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంది.

ఆ వారమే గుమాస్తా ఉద్యోగం పర్మనెంటయింది. నర్సు ఇవ్వాల్సిన సంజాయిషీ ఇంకా అందలేదు. సిబ్బంది ఫారంలో ‘విదేశీ రోగులకు చివరి క్షణాల్లో తోడున్న అనుభవం’ అని కొత్తగా ఒక గడి చేర్చారు. ఈసారి గుమాస్తా కలం ఆగలేదు.

మీరు నవ్వుతున్నారంటే, మీ దరఖాస్తులో ‘విదేశీ భాషలు’ గడి ఖాళీగానే ఉందన్నమాట.