కృపాదానం కేబులు ఉపవాసం

బుధవారం పొద్దున్న పంపు దగ్గర బిందె నిండుతుండగానే రోజమ్మ ఆ రోజు పనులన్నీ మనసులో సర్దుకుంది. కూర రెండు పూటలకూ ఒకేసారి వండేస్తే, ఆరిన బట్టలు ఎండ ఉండగానే మడత పెట్టేస్తే, ఏడున్నరకు సీరియలు మొదలయ్యేసరికి చేతిలో పనేమీ ఉండదు. ముందురోజు సీరియల్లో పెద్దకోడలు బీరువా తాళాలు బావిలో పడేసి నిలబడింది. ఆ తాళాలు దొరికినా దొరక్కపోయినా రోజమ్మకు పెద్ద పట్టింపు లేదు. ఆమెకు కావలసింది ఆ అరగంట. హౌరా పక్కన లిలువాలోని ఆ రైల్వే క్వార్టర్లో, లేచింది మొదలు పడుకునేదాకా ఆమె కూర్చునేది ఆ కాసేపే. నైలాను పట్టీల కుర్చీ, దాని ముందు పీట, పీట మీద కాళ్ళు. అప్పుడు ఎవరు పిలిచినా ప్రకటనలు వచ్చేదాకా ఆమె పలకదు.

ఆ రోజు బూడిద బుధవారం. ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమదినాలు మొదలు. మొగుడు కృపాదానం రైల్వే వర్క్‌షాపుకి వెళ్ళడానికి ఖాకీ చొక్కా తొడుక్కుని, టీ గ్లాసు చేత్తో పట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

"ఏమే, నేనొక నిర్ణయం సేసినాను."

"టీ సల్లారిపోతంది. తాగి సెప్పండి."

"ఈ శ్రమదినాల్లో మనం కేబులు మానేస్తన్నాం."

రోజమ్మ గరిటెతో సహా ఇటు తిరిగింది. "మనం అంటే ఎవలండీ?"

"మనమంటే మనవే. నువ్వూ, నేనూ."

"మీరెప్పుడు సూసినారు గనక? క్రికెట్టుంటే సూస్తారు. ఇప్పుడు క్రికెట్టు నేదు. మానాలంటే ఆ ఖైనీ మానండి."

"ఖైనీ శరీరానికి సంబందించింది. టీవీ ఆత్మకి సంబందించింది. పాస్టరుగారేటన్నారు? బాగా ఇష్టమైందాన్నే వొదులుకోవాలన్నారా నేదా?"

"ఎవలికిష్టమైంది వాళ్ళని వొదులుకోమన్నారా, పెళ్ళానికిష్టమైంది లాగెయ్యమన్నారా?"

మాటల్లో ఓడినప్పుడు కృపాదానం పనిలో దిగుతాడు. ఇరవై ఏళ్ళుగా రైలు పెట్టెలు విప్పి బిగించిన ఫిట్టరు కాబట్టి కేబులు తీగ ఊడదీయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నల్లగా మెరుస్తున్న తెర రమ్మని పిలుస్తున్నట్టుందని పెట్టెలోంచి తెల్లదుప్పటి తీసి టీవీ మీద కప్పాడు కూడా.

"దిగులు పడకు. ఇంట్లోనే కాలక్షేపానికి ఎన్ని నేవు! నేను సూపిస్తాను కదా," అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

అన్నట్టే చూపించాడు. ఆ సాయంత్రం అటక మీదనుంచి హార్మోనియం దించాడు. దాని తిత్తిని ఎలుకలు ఏనాడో రుచి చూసినట్టున్నాయి. నొక్కితే గేదె దగ్గినట్టు ఒక చప్పుడు వచ్చింది. ఆ దగ్గుకి తోడుగా కృపాదానం కీర్తన ఎత్తుకున్నాడు. క్వార్టర్ల వరుసలో ఉన్న తెలుగువాళ్ళు ఏమయిందోనని చూడ్డానికి వచ్చి, చూశాక వెళ్ళలేక, కూర్చుండిపోయారు. వచ్చినవాళ్ళని ఊరికే పంపడం ఆ ఇంట్లో అలవాటు లేదు. ఏడున్నరకు రోజమ్మ కూర్చోలేదు, టీ పెట్టింది.

గురువారం కేరమ్ బోర్డు వచ్చింది. బోర్డు పెట్టడానికి పీట పోయింది. ఆడేవాళ్ళలో అందరికన్నా లావుపాటి కోదండానికి నేల మీద కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయని కుర్చీ పోయింది. రోజమ్మ వంటగది గడపలో నిలబడి మూడోసారి టీ కాస్తూ, తన కుర్చీ కోదండం కింద కిర్రుమంటుంటే వింది.

"అక్కా, టీవీ నేకపోతే ఇల్లెంత కళగా ఉందో సూడు!" అన్నాడు కోదండం.

"ఉంటాది బాబూ, కూకున్నోల్లకి," అంది రోజమ్మ.

ఈ కళ సంగతి పాస్టరు జీవానందంగారి దాకా వెళ్ళింది. టీవీ వదిలి ప్రార్థనలో పడ్డ కుటుంబం సంఘంలో ఇదే మొదటిదని ఆయన పొంగిపోయి, శుక్రవారం మధ్యాహ్నం జరిగే స్త్రీల కూటం ఈసారి గుడిలో కాక కృపాదానం ఇంట్లోనే పెట్టించారు. ఆ కబురు కృపాదానమే ఛాతీ విరుచుకుని మోసుకొచ్చాడు. పకోడీలకి ఎన్ని ఉల్లిపాయలు కావాలో మాత్రం అతను ఆలోచించలేదు. కూటం వేళకు అతను వర్క్‌షాపులో ఉంటాడు కదా.

శుక్రవారం మధ్యాహ్నం రోజమ్మ ఉల్లిపాయలు తరిగి తరిగి, కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతుండగా, గది సర్దింది. టీవీ మీది తెల్లదుప్పటి మరీ బోసిగా కనిపించింది. కేరమ్ బోర్డు తగిలి కింద పడ్డ, టెక్కలిలో ఉండే అత్తగారు సువార్తమ్మ ఫోటో ఒకటి గోడవార ఉంటే, తుడిచి తీసుకొచ్చి దాని మీద నిలబెట్టింది. మూడు గంటలకు సంఘం స్త్రీలు వచ్చారు. తెలుగు సంఘాల ఆనవాయితీ ప్రకారం అందరూ తెల్లచీరలే. హౌరా బజారు నుంచి వాళ్ళు తెచ్చిన రజనీగంధ పూలకు వేరే చోటు దొరక్క, కూజాలో పెట్టి ఆ ఫోటో ముందు ఉంచారు. చెప్పులు గుమ్మం బయట వరుసగా విడిచి, తలల మీద కొంగులు కప్పుకుని, కీర్తన అందుకున్నారు.

పక్క క్వార్టర్లో ఘోషాల్ మాషీమా, అంటే ఘోషాల్ పిన్ని, ఉంటుంది. మనసు వెన్న, నోరు గంట. ఆ ఇంట్లోంచి రెండు రోజులుగా టీవీ చప్పుడు లేకపోవడం ఆమె గమనిస్తూనే ఉంది. పాటలు విని కిటికీలోంచి తొంగిచూసింది. బెంగాలీల లెక్కలో ఏ ఇంట్లోనైనా తెల్లదుప్పటి మీద ముసలావిడ ఫోటో, దాని ముందు రజనీగంధ, చుట్టూ తెల్లచీరల ఆడవాళ్ళు, మధ్యలో కళ్ళు ఎర్రబడ్డ కోడలు కనిపిస్తే అది చావు ఇల్లే; ఎవరూ ఏమీ అడగరు. అడగడం మర్యాద కాదు. ఊళ్ళో కృపాదానం తల్లి పోయిందని మాషీమాకు ఆ కిటికీలోనే అర్థమైపోయింది.

ఆమె తిన్నగా లోపలికొచ్చి, పకోడీల పళ్ళెం పట్టుకున్న రోజమ్మను భుజాలు పట్టి నైలాను కుర్చీలో కూర్చోబెట్టింది. "నువ్వు కదలకు బౌమా. ఈ పూట నువ్వు పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు. మేమంతా లేమా?" అంది బెంగాలీలో, సొంత కోడలిని పిలిచినట్టే పిలిచి.

ఇదంతా ఎందుకో రోజమ్మకు బోధపడలేదు. కానీ బుధవారం నుంచి నిలబడి ఉన్న కాళ్ళు ఆమెను అడక్కుండానే ఒప్పేసుకున్నాయి. ఎవరో కాళ్ళ కింద పీట కూడా జరిపారు. కాసేపటికి వరుసలో ఉన్న బెంగాలీ ఇళ్ళనుంచి ఒక్కొక్కరూ అరటిపళ్ళు, సందేశ్ మిఠాయిలు, పెరుగు కుండలు తెచ్చి ఆ ఫోటో ముందు పెట్టి, చేతులు జోడించి, మాట్లాడకుండా కూర్చోసాగారు. శ్రమదినాలంటే వీళ్ళకింత గౌరవమా అని రోజమ్మ ఆశ్చర్యపోయింది. మాషీమా చేతికిచ్చిన టీ తాగింది. పెళ్ళయ్యాక తన ఇంట్లో ఇంకొకరు పెట్టిన టీ తాగడం అదే మొదటిసారి.

సంఘం స్త్రీలకు వేరేలా అర్థమైంది. అన్యులు పళ్ళతో వచ్చి కూటంలో మౌనంగా కూర్చుంటున్నారంటే ఇది మామూలు ఉజ్జీవం కాదు. వాళ్ళు ఒకరినొకరు చూసుకుని స్వరం పెంచారు. స్వరం పెరిగేకొద్దీ దుఃఖం పెద్దదనుకుని ఇంకొంతమంది బెంగాలీలు వచ్చారు. ఒకామె పాస్టరుగారికి కబురు పంపింది. మాషీమా మాత్రం వర్క్‌షాపుకి ఫోను చేయించింది.

వర్క్‌షాపులో యూనియన్ నాయకుడు మొండల్‌దా కృపాదానం దగ్గరికొచ్చి, అతని చేతిలోని పానా తీసి పక్కన పెట్టి, భుజం మీద చెయ్యి వేశాడు. సమ్మె రోజు తప్ప ఆయన అలా ఎవరి భుజం మీదా చెయ్యి వెయ్యడు. "కృపాదా, మనసు గట్టి చేసుకో. మీ అమ్మ..." అని ఆగిపోయాడు. ఆగిపోయిందాన్ని కృపాదానం పూర్తి చేసుకున్నాడు.

వర్క్‌షాపు నుంచి క్వార్టరు దాకా అతను ఏడుస్తూనే వచ్చాడు. వెనక మొండల్‌దా, ఆయన వెనక పూలదండ పట్టుకుని యూనియన్ వాళ్ళు. గుమ్మం బయట చెప్పుల గుంపు చూసి కృపాదానానికి మిగిలిన అనుమానం కూడా పోయింది. లోపల ఫోటో చూసి, "అమ్మా!" అని చతికిలబడ్డాడు.

రోజమ్మ గ్లాసు కింద పెట్టేసింది. వర్క్‌షాపుకి ఫోనొచ్చి ఉంటుంది, అత్తగారు పోయింది! మొగుడు అబద్ధానికి ఏడ్చే మనిషి కాదు. తను మహారాణిలా కాళ్ళు చాపుకుని సందేశ్ తింటున్న వేళ ఆ ముసలిది అక్కడ ఊపిరి వదిలిందే అనుకునేసరికి రోజమ్మకు దుఃఖం తన్నుకొచ్చింది. ఈసారి ఉల్లిపాయల వల్ల కాదు. భార్య ఏడవడం చూసి కృపాదానం ఇంకా ఏడ్చాడు. ఇద్దరూ ఏడవడం చూసి సంఘం స్త్రీలు ఏమైందో తెలియకపోయినా పాట మార్చి, సమాధి దగ్గర పాడే కీర్తన మొదలెట్టారు. సరిగ్గా అప్పుడే పాస్టరుగారు రొప్పుతూ వచ్చి బైబిలు తెరిచారు.

ఎవరు ఎవరికి చెప్పారని ఎవరూ అడగలేదు. అందరి దగ్గరా కళ్ళెదుట సాక్ష్యం ఉంది.

"కిందటేడు ఇక్కడికొస్తానంది పాస్టరుగారూ!" అని కృపాదానం రొమ్ము బాదుకున్నాడు. "క్వార్టరు సిన్నదని నానే వొద్దన్నాను. ఆయమ్మకి సీరియల్లంటే పేణం. ఒక్కసారి బతికొస్తే సాలు, ఈ కుర్సీలోనే కూకోబెట్టి, పొద్దస్తమానం టీవీ సూపిస్తాను! దేవుడి తోడు, మీ అందరి తోడు!"

"దేవుడు నీ హృదయం చూస్తున్నాడు," అన్నారు పాస్టరుగారు కళ్ళు తుడుచుకుంటూ.

ఫోను మోగింది. దగ్గరున్నది రోజమ్మే కాబట్టి తీసింది.

"ఏటే, ఫోనెత్తడానికింత సేపేటి? సచ్చినారేటి అందరూ?"

రోజమ్మ ఫోను వైపు చూసింది. టీవీ మీది ఫోటో వైపు చూసింది. "అత్తా, మీరేనా?" అంది సన్నగా.

"నాను కాక మీ తాత మాటాడతాడేటి? ఎవలా ఏడుపులు? ఓలమ్మ, నా కొడుక్కేటైనా అయిందేటి?"

రోజమ్మ ఫోను మొగుడి చేతికిచ్చింది. కృపాదానం "ఎవరూ" అని అడిగి, జవాబు విని, "అమ్మే!" అని లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు. సందేశ్ తింటున్నవాళ్ళు దాన్ని మళ్ళీ పళ్ళెంలో పెట్టేశారు. మాషీమా నెమ్మదిగా లేచి ఫోటో ముందు నుంచి రజనీగంధ కూజా తీసి కిటికీలో పెట్టింది. మొండల్‌దా పూలదండ ఎక్కడ దాచాలో తెలియక తన వీపు వెనక దాచుకున్నాడు.

అందరికన్నా ముందు తేరుకున్నది పాస్టరుగారే. ఫోను అందుకుని ఆనందంగా చెప్పారు. "సువార్తమ్మగారూ, దేవునికి స్తోత్రం! మీ అబ్బాయి ఇప్పుడే మా అందరి ఎదుట ప్రమాణం చేశాడు. మిమ్మల్ని రప్పించి, కుర్చీలో కూర్చోబెట్టి, రోజంతా టీవీ చూపిస్తాడట!"

అవతలి మాట గది అంతా వినబడింది. "ఆదివారం బండికి టికెట్టు తీయమనండి. టెక్కలిలో కరెంటు ఉంటేగా సీరియలు సూడ్డానికి."

పాస్టరుగారు ఫోను పెట్టి, చేతులు పైకెత్తి, ఇంతటి కృపకు కృతజ్ఞతా కూటం ఇప్పుడే ఇక్కడే జరగాలన్నారు. తెల్లచీరలు, ఖాకీ చొక్కాలు, బెంగాలీ ఆడవాళ్ళు అందరూ సర్దుకుని కూర్చున్నారు. కృపాదానం ముఖం కడుక్కుని, కేబులు తీగ ఎక్కడ పెట్టానా అని వెతుకుతూ, "రోజమ్మా, అందరికీ మంచి టీ పెట్టు," అన్నాడు.

రోజమ్మ లేవబోయింది. సగం లేచి తన కుర్చీ వైపు చూసుకుంది. సోమవారం నుంచి అది అత్తగారిది. మళ్ళీ కూర్చుంది.

"పాస్టరుగారూ, శ్రమదినాల్లో ఏదో ఒకటి వొదులుకోవాలి కదా?"

"అవునమ్మా."

"కేబులు మళ్ళీ పెట్టేస్తన్నారు. మరి నా వంతు కింద నానేటీ వొదులుకోనట్టే కదా. అందుకని ఇయ్యాల్టినుంచి ఈస్టరు దాకా టీ పెట్టడం వొదులుకుంటన్నాను. నాకు శానా ఇష్టమైన పని, ఏటి సేస్తాం. ఆయన పెడతారు."

పాస్టరుగారు కృపాదానం వైపు చూశారు. కృపాదానం మొండల్‌దా వైపు చూశాడు. మొండల్‌దా, శ్రామికుల పక్షం వదలని మనిషి కాబట్టి, పైకప్పు వైపు చూశాడు. మాషీమా రోజమ్మ కాళ్ళ కిందికి పీట మళ్ళీ జరిపింది.

"ఆమెన్," అన్నారు పాస్టరుగారు, వేరే దారి లేక.

ఆ సాయంత్రం కృపాదానం పెట్టిన టీ తాగినవాళ్ళలో, అవి నిజంగా శ్రమదినాలేనని ఒప్పుకోనివాళ్ళు లేరు.