ఇంకా చదవండి

మానవజాతి చరిత్ర మొత్తం రెండు యుగాలు. ఒంట్లో బాగోలేకపోతే వెళ్లి ఎవరినైనా అడగాల్సి వచ్చిన చీకటి యుగం మొదటిది. అడక్కుండానే అందరూ చెప్పే స్వర్ణయుగం రెండోది. మనం రెండోదాంట్లో పుట్టిన అదృష్టవంతులం. (మొదటి యుగంలో జనం ఏ జబ్బో తెలియక పోయేవారు. ఇప్పుడు అన్నీ తెలుసుకుని మరీ పోతున్నారు. దీన్నే ప్రగతి అంటారు.)

ఈ స్వర్ణయుగపు ముఖ్య కార్యాలయాల్లో ఒకటి, ఒక పళ్ల డాక్టరు క్లినిక్కు పై అంతస్తులో ఉంది. దాని పేరు 'నిక్షేపం'. ఫోనులో యాప్‌గా దొరుకుతుంది. నెత్తి మీది చుండ్రు నుంచి మడమల పగుళ్ల దాకా అది వివరించని భాగం మనిషి ఒంట్లో లేదు. అక్కడ పనిచేసేవాళ్లకు సొంత పేర్లు ఉన్నాయిగానీ వాడకంలో లేవు. ఎవరు ఏ భాగం మీద రాస్తే అదే వాళ్ల పేరు. మోకాళ్ల మీద రాసేవాడు కీళ్లాయన. "చర్మం ఇవాళ సెలవండీ", "కాలేయం కాఫీకి వెళ్లింది" లాంటి మాటలు ఆ గదిలో ఎవరికీ వింతగా వినిపించవు. గుండె, బీపీ విభాగం చూసే అమ్మాయిని గుండెమ్మ అంటారు. ఈ కథ ఆమెది.

గుండెమ్మ చదువుకున్నది కామర్సు. 'నిక్షేపం'లో అది అనర్హత కాదు. వైద్యం చదివినవాళ్లు ప్రతిదానికీ "మనిషిని చూస్తేగానీ చెప్పలేం" అంటారు, దానివల్ల పని సాగదు. అందుకే అక్కడి వ్యాసాలన్నీ ఒకే నిపుణురాలి పేరు మీద వస్తాయి. ఆమె 'నిక్షేపం డాక్టరమ్మ'. ఇరవై రెండేళ్ల అనుభవం. పేరు పక్కన నీలం టిక్కు. ఫొటోలో తెల్లకోటు వేసుకుని నవ్వుతున్నది ఆఫీసు లెక్కలు చూసే ఆవిడ. (కోటు మాత్రం అసలైనదే. కింద పళ్ల డాక్టరుది.) ఈ డాక్టరమ్మ సెలవు పెట్టదు, ఫీజు అడగదు, తెలియదు అని ఎన్నడూ అనదు. నిపుణులకు కావాల్సిన లక్షణాలన్నీ ఉన్నాయి, మనిషి లేకపోవడం ఒక్కటే లోటు.

గుండెమ్మ ఇంట్లో ఈ సంగతి తెలియదు. ఆఫీసులో చేరేరోజే బయట చెప్పనని సంతకం పెట్టించుకున్నారు. కోడలు ఎవరో పెద్ద డాక్టరమ్మ దగ్గర కూర్చుని, ఆవిడ చెబుతుంటే టైపు చేస్తుందని మామగారి నమ్మకం. మామగారు తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. జీవితమంతా ముద్ర వేసిన కాగితాన్ని నమ్మారు, ముద్ర లేనిదాన్ని తిప్పి పంపారు. నీలం టిక్కు చూడగానే ఆయన మనసు కుదుటపడింది. డాక్టరమ్మ రాసే ప్రతి ముక్కా పొద్దున్నే పైకి చదివి, చుట్టాలందరికీ పంపి, "మా కోడలి ఆఫీసే" అని కింద చేర్చేవారు. వాన పడితే గొడుగు పట్టుకుని బస్టాపు దాకా వచ్చి కోడల్ని తీసుకెళ్లేవారు. దారిలో "ఇవాళ డాక్టరమ్మ ఏం చెప్పిందమ్మా?" అని అడిగేవారు. గుండెమ్మకు ఆ ప్రశ్నంటే కొంచెం సిగ్గు, ఆ గొడుగంటే చాలా ఇష్టం.

ఒకరోజు పొద్దున మామగారు మొహం కడుక్కుంటూ బేసిన్ మీదికి తూలి పడ్డారు. నుదురు చిట్లింది. అత్తగారి కేకకు గుండెమ్మ పరిగెత్తుకొచ్చి, ఆయన్ని ఆటోలో వీధి చివరి క్లినిక్కుకు తీసుకెళ్లింది. (భర్తది వారానికో ఊరు తిరిగే ఉద్యోగం. ఆ వారం ఆయన వేరే ఊళ్లో ఉన్నాడు.) అక్కడి డాక్టరు చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, అంకె చూసి, నమ్మకం కుదరక మళ్లీ కొట్టాడు.

"బీపీ మాత్ర వేసుకుంటున్నారా?"

"లేదు సార్, మానేశాను," అన్నారు మామగారు, సిగరెట్టు మానేసిన మనిషంత గర్వంగా. "దోసకాయ నీళ్లు తాగుతున్నాను. డాక్టరమ్మ చెప్పింది."

"ఏ డాక్టరమ్మ?"

మామగారు ఫోను తీసి చూపించారు. గుండెమ్మ ఆయన భుజం మీదుగా వంగి చూసింది. తెర మీద నీలం టిక్కు, నవ్వు మొహం, వాటి కింద ఈ మాటలు:

"మాత్రలు మానేసి రోజూ రెండు పూటలా దోసకాయ నీళ్లు తాగితే బీపీ దానంతటదే దిగొస్తుంది…"

ఆ తర్వాత చిన్న అక్షరాల్లో 'ఇంకా చదవండి'.

గుండెమ్మ ఫోను లాక్కుని మళ్లీ చదివింది. ఆ వాక్యం ఆమెదే. ఆ ఉద్యోగంలో ఆమె ఇష్టపడి రాసిన వ్యాసం అదొక్కటే. దోసకాయ పుకారు ఊరంతా తిరుగుతుంటే ఎవరో ఒకరు ఖండించాలని పట్టుబట్టి రాసింది. ఆమె రాసిన పూర్తి వాక్యం "…దిగొస్తుంది అనుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే." తెలుగు వాక్యంలో కాదు, లేదు, వద్దు అన్నీ చివర్న కూర్చుంటాయి. యాప్‌కు అంతదాకా ఆగే ఓపిక లేదు.

"ఈసారి బేసిన్ తగిలింది కాబట్టి నుదుటితో పోయింది," అన్నాడు డాక్టరు. "ఇలాగే ఉంటే తలలో నరం చిట్లుతుంది. అప్పుడు మంచమే. ఇవాళ్టి నుంచే మాత్ర వేసుకోండి."

మామగారు బుద్ధిగా తలూపారు. ఇంటికొచ్చి దోసకాయ తరిగారు.

"మామయ్యా, కింద 'ఇంకా చదవండి' అని ఉంది కదా. అది నొక్కలేదా?"

"నొక్కానమ్మా. మోకాలి పట్టీ ప్రకటన వచ్చింది. అదెంతకీ పోలేదు. రెండో సగమంతా పట్టీ గురించే అనుకున్నాను."

"అది కాదు మామయ్యా, అలా చేయొద్దనే అందులో ఉంది. నాకు తెలుసు. ఆ వ్యాసం రాసింది నేనే."

"టైపు చేసింది నువ్వే. కాదనను."

"టైపు కాదు, రాసిందే నేను. అసలు ఆ డాక్టరమ్మే లేదు. ఆ డాక్టరమ్మ నేనే."

మామగారు ఆమెను జాలిగా చూశారు. "పని ఎక్కువైనట్టుందమ్మా నీకు. ఆవిడకి ఇరవై రెండేళ్ల అనుభవం."

"ఆ అనుభవం కూడా నేనే రాశాను మామయ్యా!"

"ఏమే, అమ్మాయికి కాసిని దోసకాయ నీళ్లు ఇవ్వు," అన్నారు ఆయన లోపలికి చూసి.

"పెళ్లయిన దగ్గర్నుంచీ నా మాట వినలేదు, లేని మనిషి మాట మాత్రం వింటున్నారు," అంది అత్తగారు వంటింట్లోంచి. "నన్ను కూడా ఆ ఫోనులో పెట్టించు అమ్మాయ్. అప్పుడైనా వింటారేమో."

"పోనీ ఇవాళ చూసిన డాక్టరు చెప్పింది వినండి మామయ్యా," అని బతిమాలింది గుండెమ్మ.

"మంచివాడే పాపం. కానీ ఆయనకి టిక్కు లేదు కదమ్మా."

నమ్మదగిన సమాచారం లోకంలో లేకపోలేదు. ఆరోగ్య శాఖవారి వెబ్‌సైటులో, అన్ని పేజీలూ దాటుకుంటూ వెళ్తే, బీపీ మాత్రలు సొంతంగా మానకూడదని చెప్పే పత్రం ఒకటి ఉంది. దాన్ని ఎవరో అడ్డంగా స్కాన్ చేశారు. గుండెమ్మ చూపిస్తే, మామగారు మెడ వంచి కాసేపు చదివి, మెడ పట్టేసిందని 'నిక్షేపం'లో మెడనొప్పి గురించి వెతకడం మొదలుపెట్టారు.

గుండెమ్మ ఆఫీసుకెళ్లి నేరుగా విశ్వసనీయతాధికారి బల్ల ముందు నిలబడింది. (ఆయన అంతకుముందు పరుపుల కంపెనీలో ప్రకటనలు రాసేవాడు. నిశ్చింతగా నిద్రపుచ్చడంలో ఆయనకు మంచి పేరుంది.)

"సార్, నా దోసకాయ వ్యాసం అర్థం తిరగబడింది. వెంటనే మార్చాలి."

"లక్షల మంది చదివిన వ్యాసం గుండెమ్మా అది. లక్షల మంది నమ్మింది తప్పెలా అవుతుంది?"

"మా మామగారు పడిపోయారు సార్."

"అయ్యో. ఇప్పుడెలా ఉన్నారు?" అని ఆయన నిజంగానే బాధపడ్డాడు. బాధపడి, నిబంధన వివరించాడు. "వ్యాసం మారిస్తే ఇంతకాలం తప్పు చెప్పామని ఒప్పుకున్నట్టు. అప్పుడు విశ్వసనీయత పోతుంది. విశ్వసనీయత పోతే నా పదవికి అర్థం ఏముంది? కావాలంటే కొత్తది రాయండి."

గుండెమ్మ అక్కడే కూర్చుని 'బీపీ మాత్రలు సొంతంగా మానకండి' అని రాసిచ్చింది.

ఆయన చదివి పెదవి విరిచాడు. "ఇది అందరికీ తెలిసిందే. తెలిసిన విషయం చదవడానికి ఎవరొస్తారు? పైగా దీన్ని వేరే సైట్లు ధ్రువీకరించాలి. దోసకాయకి చూడండి, ఎన్ని సైట్లు సాక్ష్యం ఉన్నాయో."

"అవన్నీ మన దగ్గర కాపీ కొట్టినవే సార్."

"అంటే మనమే ప్రామాణికం అన్నమాట," అన్నాడు ఆయన సంతోషంగా.

గుండెమ్మ తన బల్ల దగ్గరికి వెళ్లి తల పట్టుకుంది. తనకు నచ్చేలా రాస్తే బయటికి పోదు. వాళ్లకు నచ్చేలా రాస్తే మామగారు బతకరు. కీళ్లాయన జాలిపడి కాఫీ తెచ్చిచ్చాడు. అది తాగుతూ ఆమె వాక్యాన్ని తలకిందులు చేసింది. చివర్న ఉండాల్సిన క్రియను మొట్టమొదటికి తెచ్చి పడేసింది. ఎక్కడ కోసినా ప్రాణం పోకుండా, ఒక్కో మాటా విడిగా నొక్కి చూసుకుంది.

"వేసుకోండి మీ బీపీ మాత్ర, మానకండి ఒక్క పూట కూడా, మీ డాక్టరే మార్చేదాకా."

"ఇదేం తెలుగు? పాటలా ఉంది," అన్నాడు అధికారి. కానీ పైన పెట్టిన శీర్షిక చూసి ఆయన కళ్లు మెరిశాయి. 'డాక్టర్లు మీకు పదేపదే చెబుతున్న రహస్యం ఇదే!'

"రహస్యం ఉంది. వెళ్లనివ్వండి," అని ముద్ర వేశాడు.

మర్నాడు పొద్దున గుండెమ్మ వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. మామగారు కళ్లజోడు పెట్టుకుని పైకి చదివారు. ఒకసారి మళ్లీ చదివారు. లేచి వెళ్లి, అలమారాలోంచి మాత్రల డబ్బా తీసి, ఒకటి వేసుకుని, నీళ్లు తాగారు.

"చూశావా అమ్మా," అన్నారు కోడలితో. "నువ్వూ చెప్పావు, ఆ క్లినిక్కు డాక్టరూ చెప్పాడు. చెప్పే పద్ధతి ఒకటుంటుంది. ఆవిణ్ణి చూసి నేర్చుకో."

"నేర్చుకుంటాను మామయ్యా," అంది గుండెమ్మ. వంటింట్లోకి వెళ్లి అత్తగారి భుజం మీద తలపెట్టి ఏడ్చింది. అత్తగారు ఆమె వీపు నిమురుతూ, "ఊరుకో అమ్మాయ్. ఏ నోటితో చెబితేనేం, మింగారు కదా," అంది. మిగిలిన దోసకాయల్ని చెత్తబుట్టలో పారేసింది.

కొన్నాళ్లకు బీపీ దిగింది. క్లినిక్కు డాక్టరు అంకె చూసి సంతోషించాడు.

"మొత్తానికి నా మాట విన్నారన్నమాట."

"మీ మాట కాదు సార్, డాక్టరమ్మ మాట," అన్నారు మామగారు నిజాయితీగా.

డాక్టరు నొచ్చుకోలేదు. గుండెమ్మను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "మీరు అక్కడే పనిచేస్తారట కదా. షుగరు గురించి కూడా ఆవిడతో ఒక మాట చెప్పించగలరా? నా పేషెంట్లు నేను చెబితే వినట్లేదండీ."

ఆఫీసులో రహస్యం వ్యాసం దోసకాయను దాటిపోయింది. విశ్వసనీయతాధికారి గుండెమ్మను పిలిచి కుర్చీ చూపించాడు.

"బ్రహ్మాండంగా పోయింది. కానీ ఒక చిక్కు వచ్చింది. మాత్రలు ఇష్టం లేని పాఠకులు నొచ్చుకుంటున్నారు. మనం ఒకవైపు మొగ్గినట్టు అనిపించకూడదు కదా? సమతూకం ఉండాలి. సోమవారానికి 'మాత్రకు సెలవు' అని ఒకటి రాసివ్వండి."

"నేను రాయను సార్."

ఆయన కోపగించుకోలేదు. ఆ సంస్థలో ఎవరి మీదా ఎవరూ కోపగించుకోరు, అది బీపీకి మంచిది కాదని వాళ్లే రాశారు. "ఒత్తిడిలో ఉన్నారు. గుండె బరువైన విభాగం," అని ఆమెను ఆ పూటే జుట్టు విభాగానికి మార్చాడు. గుండెను కీళ్లాయనకు అదనపు బాధ్యతగా అప్పగించాడు. కీళ్లాయన మంచివాడు. ఇద్దరు పిల్లలు. రాయనని అనలేడు.

"ఎవరి పేరు మీద వస్తుంది సార్ అది?" అని గుమ్మం దగ్గర ఆగి అడిగింది ఆమె.

"ఇంకెవరి పేరు మీద? జనం నమ్మేది ఆవిణ్ణే కదా."

గుండెమ్మ ఆ సాయంత్రమే మామగారి ఫోనులోంచి యాప్ తీసేసింది. ఆయన కాఫీ తాగేలోపు మళ్లీ పెట్టుకున్నారు. ఆమె పక్కన కూర్చుని, సంతకం సంగతి మళ్లీ పక్కనపెట్టి, ఆఫీసులో జరిగిందంతా చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నారు.

"మామయ్యా, రేపెప్పుడైనా డాక్టరమ్మ మాత్ర మానేయమంటే వినకండి. నాకు మాటివ్వండి."

"పిచ్చిదానా, ఆవిడ అలా ఎందుకంటుంది? అలా అనే మనిషైతే మొన్న వేసుకోమని ఎందుకు చెబుతుంది?"

ఈ వాదనకు 'నిక్షేపం'లోగానీ, ఆరోగ్య శాఖ పత్రంలోగానీ సమాధానం లేదు.

సోమవారం పొద్దున అత్తగారు గ్లాసుతో నీళ్లు తెచ్చి నిలబడింది. మామగారు మాత్ర నోటిదాకా తీసుకెళ్లారు. బల్ల మీద ఫోను టింగుమంది.

"ఒక్క నిమిషం ఆగవే," అన్నారు ఆయన, కళ్లజోడు వెతుక్కుంటూ. "డాక్టరమ్మ ఏదో కొత్తగా చెబుతోంది."