మంత్రి గారి యంత్రం వణకదు

"గౌరవ డాక్టరేట్ నాకొద్దు. గౌరవం ఇప్పటికే ఇంటినిండా ఉంది, పెట్టడానికి చోటు లేదు. అందరిలాగే చదివి, అందరిలాగే కష్టపడి, మెకానికల్ ఇంజనీరింగ్‌లో డాక్టరేట్ తీసుకుంటాను. అదీ వచ్చే ఎన్నికల లోపే!"

మంత్రి గారు ఇలా ప్రకటించిన రోజున మా యూనివర్సిటీ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. నేను అక్కడే ఆరో ఏడు రీసెర్చి స్కాలర్ని కాబట్టి, ఆ ఆనందాన్ని ముందు వరసలో నిలబడి చూసే భాగ్యం దక్కింది.

నియమాలు వివరించడానికి రిజిస్ట్రార్ గారు ఫైలు పట్టుకుని వెళ్లారు.

"ముందు ఎంటెక్ ఉండాలి సార్."

"ఎవడు పెట్టాడయ్యా ఈ రూలు?"

"తమరే సార్. కిందటేడు, ప్రమాణాలు పెంచాలని..."

"మంచి రూలే. ఎవరెవరికి వర్తిస్తుంది?"

"తమరికి ముందు చేరినవాళ్లకీ, తర్వాత చేరేవాళ్లకీ సార్."

తర్వాతది కోర్స్‌వర్క్. మంత్రి గారి తరఫున గన్‌మాన్ క్లాసులకి వచ్చాడు. తుపాకీ బెంచీ మీద పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు. ప్రొఫెసర్ గారు ఆ సెమిస్టరంతా ఎవర్నీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. హాజరు నూటికి నూరు. మార్కులూ అంతే.

ఇక మిగిలింది ప్రయోగం. ఇక్కడే ఆయన చదువు నా చదువుకి అడ్డం తగిలింది.

మా ల్యాబ్‌లో ఒక యంత్రం ఉంది. దానికి బేరింగ్ బిగించి వెయ్యి గంటలు ఆపకుండా తిప్పాలి. ఎంత వణుకుతోందో గంటగంటకీ రాసుకోవాలి. మధ్యలో ఆగితే మళ్లీ ఒకటో గంట నుంచి మొదలు. అప్పటికే కరెంటు పోయి రెండుసార్లు ఆగింది. ఈసారి తొమ్మిది వందల నలభై దాటింది. ఇంకో అరవై గంటలు తిరిగితే నా ఆరేళ్లూ ఒడ్డెక్కుతాయి.

మా గైడ్ పరుగున వచ్చారు. "ఎల్లుండి మంత్రి గారు ప్రయోగం ప్రారంభిస్తున్నారు. యంత్రం ఆపెయ్!"

"తిరుగుతున్నదాన్ని ఆపడమెందుకు సార్?"

"తిరుగుతుంటే ఇంక ఆయన ప్రారంభించేదేముందయ్యా?"

అంత పెద్ద చదువు ఆయనకి ఊరికే రాలేదు మరి.

ల్యాబ్ టెక్నీషియన్‌ని మేమంతా బాబాయ్ అంటాం. ఆయన సర్వీసంతా ప్రారంభోత్సవాలతోనే గడిచింది. "ఏడవకురా. నీదానికి అడ్డంగా పరదా కడదాం. ముందర ఇంకోటి పెడదాం" అన్నాడు. పాతసామాను గదిలోంచి ఖాళీ డొల్ల ఒకటి లాక్కొచ్చి, రంగు పూసి, లోపల ఆకుపచ్చ బల్బు, బయట ఒక మీటరు, అరచేయంత బటను బిగించాడు.

"మోటారేదీ బాబాయ్? చప్పుడెలా?"

"చప్పుడు వెనకనుంచి నీది వస్తుంది కదరా!"

మంత్రి గారు బటను నొక్కారు. బల్బు వెలిగింది. చప్పట్లు మోగాయి. ఆయన డొల్ల మీద చెయ్యి ఆనించి ఆశ్చర్యపోయారు.

"ఏమాత్రం వణకట్లేదేం?"

"తమరి చెయ్యి పడింది కదా సార్" అన్నారు మా గైడ్.

రీడింగులు రాసే బాధ్యత పీఏ తీసుకున్నాడు. మహా నిజాయితీపరుడు. మీటరు ముల్లు కదల్లేదు కాబట్టి వెయ్యి గంటలకీ వెయ్యి సున్నాలు రాశాడు. మా డిపార్ట్‌మెంట్ చరిత్రలో ఒక్క అంకె కూడా దిద్దని రికార్డు అదొక్కటే.

'వణుకు లేని యంత్రం' అనే ఆ థీసిస్ మీద వైవాకి బయటి నుంచి పెద్ద నిపుణుడు వచ్చారు. ఒకే ఒక్క ప్రశ్న సంధించారు.

"ఇంత ప్రజాసేవ మధ్య తీరిక ఎలా దొరికింది సార్?"

మంత్రి గారు తడుముకోకుండా జవాబిచ్చారు. డాక్టరేట్ వచ్చేసింది.

పరదా వెనక నా వెయ్యి గంటలూ ఎప్పుడో నిండాయి. మరుసటి నెల నా వైవా. అదే నిపుణుడు. నా గ్రాఫులన్నీ ఓపిగ్గా తిరగేసి, కళ్లజోడు తీశారు.

"నీ యంత్రం వణికిందేం?"

"యంత్రమన్నాక వణుకుతుంది సార్."

"అదే ల్యాబు. అదే గది. డాక్టర్ మంత్రి గారిది వెయ్యి గంటలూ సున్నా. నీదెందుకు వణికింది?"

నేను మా గైడ్ వైపు చూశాను. ఆయన కిటికీ వైపు చూశారు.

"లోపం నీ పనిలోనే ఉంది బాబూ. సరిచేసుకుని, ఇంకో వెయ్యి గంటలు నడిపి రా."

తిన్నగా ల్యాబ్‌కి వెళ్లాను. బాబాయ్ చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"ఏమైందిరా? డాక్టర్ గారూ అని పిలవొచ్చా?"

"బాబాయ్," అన్నాను, "ఆ బల్బు ఇంకా వెలుగుతోందా?"